బలిపీఠం మీది చీటీ

"వేలిముద్ర వెయ్యను." శఫీఖా రెండు చేతులూ చంకల్లో దాచేసుకుంది.

ఒప్పుకోలు పత్రం పట్టుకుని నర్సు అలాగే నిలబడిపోయింది. మంచం మీద ఆరేళ్ళ వెరోనియా ఎగశ్వాస తీస్తోంది. గుండెలో రంధ్రం. పెదాలు నీలం తిరిగాయి. ఆపరేషన్‌కి ఇంకా గంటే ఉంది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు భర్త అవద్. "ఈ వారం దాటదన్నారు కదే పిల్ల!"

"ప్రభువు వద్దన్నాడు."

తలగుడ్డ కొంగు ముడి విప్పి ఓ కాగితం ముక్క తీసింది. పొద్దున చర్చి గురువు అబూనా బిస్సాదాకు మూడు చీటీలిచ్చింది. 'చేయించు', 'వద్దు', జవాబు లేదనడానికి ఒకటి ఖాళీ. ఆమెకు చదువు రాదు. గుమ్మం దగ్గర కొవ్వొత్తులమ్మే ముసలమ్మ రాసిపెట్టింది. ఆరాధన ముగిసేదాకా అవి బలిపీఠం వస్త్రం కింద ఉన్నాయి. అంతలో బయట ఎవరిదో శవపేటిక వచ్చింది. అబూనా బిస్సాదా హడావిడిగా ఒకటి లాగి, కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"వద్దు."

"గాడిదను కొన్నప్పుడూ చీటీలే వేశావు. నెల తిరక్కుండా చచ్చింది!"

"అప్పుడు ఉపవాసం ఉండలేదు. ఇప్పుడు మూడు రోజులు పస్తున్నాను."

తలుపు తోసుకుని డాక్టర్ నసీఫ్ వచ్చాడు.

"మీరైనా చెప్పండి డాక్టరుగారూ," అవద్ ఎదురెళ్ళాడు. "మీదీ మా చర్చే. రోజూ ముందు వరసలో నిలబడతారు."

పిల్లకు ఊపిరి చిక్కుకుంది. ముగ్గురూ గబగబా సిలువ గుర్తు వేసుకున్నారు. డాక్టరు కుడిచెయ్యి మాత్రం కోటు జేబులోంచి కదల్లేదు. శఫీఖా ఆ జేబు వంకే చూసింది. భక్తి లేని ఆ చెయ్యేనా తన బిడ్డ గుండెను తాకేది?

"ఏదమ్మా ఆ చీటీ?"

మడత విప్పడానికి జేబులోని కుడిచెయ్యి కూడా బయటికి తీశాడు. కాగితం గడగడలాడింది. కోపం కాబోలనుకుంది. ఒక్క మాటను చాలాసేపు చదివాడు. మొహం పాలిపోయింది.

"అబూనా ఇచ్చాడా? ఇవాళేనా?"

"ఇవాళే. బలిపీఠం మీంచి."

డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు. "ఈ ఆపరేషన్ నేను చెయ్యను. అస్యూత్ పట్టణం పెద్దాసుపత్రికి పంపిస్తాను. డాక్టర్ మునీర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తా. అక్కడ వేలిముద్ర వెయ్యి తల్లీ."

"ప్రభువే వద్దన్నాక..."

"నీ కాళ్ళు పట్టుకుంటాను. వెయ్యి."

చీటీని తన జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా?" అంబులెన్సులో పళ్ళు కొరికాడు అవద్. "నీ కాగితం ముక్కకు అంతటి డాక్టరూ జడుసుకున్నాడు. దారిలో పిల్లకేమన్నా అయితే నిన్ను బతకనివ్వను."

అస్యూత్‌లో పిల్ల మెలికలు తిరిగిపోతుంటే శఫీఖా కళ్ళు మూసుకుని వేలిముద్ర వేసింది. ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాయి. బొటనవేలి సిరా ఎంత తుడిచినా పోలేదు. దేవుడి మాట దాటింది. ఆ శిక్ష తనకా, బిడ్డకా?

అవద్ ఫోన్ మోగింది. అబూనా బిస్సాదా. అవద్ ఆమెకిచ్చాడు.

"నన్ను క్షమించు బిడ్డా! సమాధుల దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చాను. వస్త్రం సర్దుతుంటే నీ చీటీలు మూడూ దాని కిందే ఉన్నాయి."

"మరి నాకిచ్చిందెవరిది?"

"డాక్టర్ నసీఫ్‌ది. ఈ చేతులతో ఇంకా కత్తి పట్టనా అని ఆయనా పొద్దున చీటీలు పెట్టాడు."