ఆదివారం టెస్టు

“రేడియం, రా!”

ఉపేంద్ర పిలిచాడు. కుక్క రాలేదు.

మళ్లీ పిలిచాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో మైకు లేకుండా నూట ఇరవై మందికి కెమిస్ట్రీ చెప్పే గొంతు అది. వీధిలో పోతున్న ఇద్దరు ఉలిక్కిపడి ఆగారు. పదడుగుల దూరంలో ఉన్న రేడియం మాత్రం తాపీగా గోడ వాసన చూస్తోంది.

గడ్డిఅన్నారంలో పాత పండ్ల మార్కెట్ దగ్గర దొరికిన కుక్క. కళ్లు మెరుస్తున్నాయని ఆ పేరు పెట్టుకున్నాడు. మాస్టారు కదా, దానికీ టైమ్‌టేబుల్ వేశాడు. ఉదయం ‘కూర్చో’, సాయంత్రం ‘రా’, ఆదివారం టెస్టు.

ఆరు వారాలుగా సున్నా మార్కులే.

అయినా దాని మీద నమ్మకం పోలేదు. దీపావళికి వీధంతా బాంబులు పేలుతుంటే హాయిగా నిద్రపోయిన కుక్క అది. ఎంత ధైర్యమోనని స్టాఫ్‌రూమ్ అంతటికీ చెప్పుకుని మురిసిపోయాడు.

భార్య సూర్యప్రభకు మాత్రం ఓపిక అయిపోయింది. మొన్ననే అది సిటీ బస్సు కింద పడబోయి తప్పించుకుంది.

“ఈ ఆదివారం దాకా చూస్తానండీ. అప్పటికీ పిలిస్తే రాకపోతే బాటసింగారంలో మా అన్నయ్య తోటకు పంపేద్దాం. అక్కడైనా బతుకుతుంది.”

ఆ పూట ఉపేంద్రకు అన్నం సయించలేదు. తన చెప్పు మీద తల పెట్టుకుని పడుకునే ఆ ప్రాణిని వదిలి ఉండటం అతని వల్ల కాదు.

శనివారం ఉదయం మెట్రో స్టేషన్ కింద రేడియం గొలుసు విడిపించుకుని జామకాయల బండి దగ్గరకు పరిగెత్తింది. బండి ఈరమ్మది, మొన్నటిదాకా పాత పండ్ల మార్కెట్ దగ్గర ఉండేది. ఉపేంద్ర వెళ్లేసరికి దానికి జామముక్క పెడుతోంది.

“నా కుక్కను పాడు చేయకు. నీలాంటివాళ్ల వల్లే ఇది పిలిస్తే రావట్లేదు,” అన్నాడు కోపంగా.

ఈరమ్మ అతని ముఖంలోకి చూసి, నవ్వి, అతనికీ ఒక ముక్క అందించింది.

ఎంత పొగరు అనుకుంటూ కుక్కను ఈడ్చుకుపోయాడు.

ఆదివారం మళ్లీ అదే పని చేసింది రేడియం. ఉపేంద్ర రొప్పుతూ వచ్చి, బండికి రెండు గజాల దూరంలో ఆగిపోయాడు.

స్టూలు మీద కూర్చున్న ఈరమ్మ అరచెయ్యి ఎత్తింది. రేడియం కూర్చుంది.

చెయ్యి గుండెకు ఆనించుకుంది. రేడియం లేచి వచ్చి ఆమె ఒడిలో తల పెట్టింది.

ఆరు వారాల సిలబస్ అరనిమిషంలో పూర్తయింది. ఉపేంద్ర నోరు వెళ్లబెట్టాడు.

ఆమె అతన్ని దగ్గరకు రమ్మని సైగ చేసి, కుక్క వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. దాని చెవి కూడా కదల్లేదు. కాలితో నేలను తన్నింది. రేడియం చటుక్కున వెనక్కి తిరిగింది. అప్పుడు ఈరమ్మ దాని చెవిని చూపించి, లేదన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ దీపావళి ధైర్యం ఏమిటో ఉపేంద్రకు అప్పటికి తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ తాను చెవిటి కుక్కకు లెక్చర్లిచ్చాడు. సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

నేల మీద గొంతుక్కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని పాఠం చెప్పాడు. చెయ్యి గుండెకు ఆనించాడు.

రేడియం ఒక్క క్షణం చూసింది. పరిగెత్తుకుంటూ వచ్చి మీద పడి ముఖమంతా నాకేసింది. ఇక బాటసింగారం మాటే లేదు. పదిమందీ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా దాన్ని వాటేసుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఈరమ్మ అప్పటికే అటు తిరిగి కాయలు సర్దుకుంటోంది.

“నిన్న నోరు జారానమ్మా. క్షమించు,” అన్నాడు వెనక నుంచి.

ఆమె పలకలేదు. గొంతు పెంచి మళ్లీ అన్నాడు. అయినా తిరగలేదు. ఇంకా కోపం పోలేదేమోనని అతని మనసు చివుక్కుమంది.

పక్కన కొబ్బరిబోండాలు కొడుతున్న బిక్షమయ్య కత్తి పక్కన పెట్టాడు.

“ఎన్కనుంచి ఎంత పిలిస్తే ఏం లాభం సార్. ముందుకొచ్చి మొఖం సూపిచ్చి చెప్పుండ్రి. గామెకు గూడ పుట్టినసంది చెవులు ఇనరావు.”