నీటిబొట్టు రాయి

నల్ల మఖమల్ గుడ్డ మీద నాలుగు వజ్రాలు పరిచి, నగల దుకాణం పెద్దాయన అడిగాడు. "వీటిలో మీ ఆవిడ ఉంగరంలోది ఏ ఆకారం?"

కళ్లజోళ్ల దుకాణం యజమాని నాలుగింటినీ మార్చి మార్చి చూశాడు. ఒకటి గుండ్రం, ఒకటి నలుపలకలది, ఒకటి కోడిగుడ్డులా కోల, చివరిది ఒకవైపు మొన తేలిన నీటిబొట్టు. ఊళ్లో సగం మంది చూపు సంగతి తేల్చి చెప్పే మనిషి, తన సంగతి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నమిలాడు.

ఆవిణ్ణే అడిగితే పోలా అన్నాడు పెద్దాయన.

అడగడానికి వీల్లేకే వచ్చాడు మరి. పెళ్లినాటి ఉంగరం పోయిన వారం ఎక్కడో జారిపోయింది. భార్య ఇల్లంతా గాలించి, చివరికి మంచం మీద కూలబడి ఏడ్చింది. దానికేం, అచ్చం అలాంటిదే ఇంకోటి కొంటానన్నాడు ఈయన.

"అలాంటిదంటే ఎలాంటిదో చెప్పండి చూద్దాం. ఇరవై రెండేళ్లలో నా చేతి వంక ఒక్కసారైనా చూశారా?" అని నిలదీసింది ఆవిడ.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అంతే, ఆవిడ మాటలు మానేసింది. వేళకి కంచం పెడుతుంది, మాట మాత్రం కలపదు. పడక కూడా పక్కగదిలోకి మార్చేసింది. ఇలాగే ఉండిపోతుందేమోనని ఆయనకి నిజంగానే భయం పట్టుకుంది. అందుకే కళ్లజోళ్లు కొన్నవాళ్ల ముఖాలకి సరిచేసి పెట్టే ఉద్యోగినికి దుకాణం అప్పజెప్పి, మిట్టమధ్యాహ్నం బయల్దేరి వచ్చాడు.

కళ్లు మూసుకుని ఆ చేతిని గుర్తుచేసుకోమని సలహా ఇచ్చాడు పెద్దాయన. మూసుకున్నాడు. చిత్రంగా, చెయ్యి కళ్లకు కట్టినట్టు కనిపించింది. నవ్వొస్తే నోటికి అడ్డం పెట్టుకునే చెయ్యి. ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో ఉంగరాన్ని తిప్పుతూ ఉండే చెయ్యి. తిప్పినప్పుడల్లా రాయి ఒక్క కొస దగ్గర తళుక్కుమనేది.

"ఒకసారి నా కళ్లజోడు వంకరగా ఉందని సరిచేస్తుంటే, రాయి మొన ఇదిగో, ఇక్కడ గీరుకుంది," అన్నాడు కణత తడుముకుంటూ. "నీటిబొట్టే. అనుమానం లేదు. మొన గోరు వైపు ఉండాలి."

పెద్దాయన మురిసిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నా, పెళ్లాం చేతిని ఇంత శ్రద్ధగా చూసుకున్న మొగుడు తనకి తగల్లేదన్నాడు. వేలి కొలత అడిగితే ఈయన దానికీ తడబడలేదు. ఆ ఉంగరాన్ని సరదాకి ఒకసారి తను పెట్టుకుని చూశాడట, చిటికెనవేలికి సరిగ్గా పట్టిందట. ఆ వేలే చాపి కొలత ఇచ్చాడు. రాయి బిగించి ఇచ్చేదాకా రెండు గంటలు అక్కడే కూర్చుని, ఛాతీ విరుచుకుని ఇల్లు చేరాడు.

భార్య వంటగదిలో కూరగాయలు తరుగుతోంది. ఆయన డబ్బా తెరిచి చేతికిచ్చాడు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఉంగరాన్ని చాలాసేపు చూసింది. ఆ కళ్లలో నీళ్లు తిరగడం చూసి ఆయనకి హుషారొచ్చింది. గుండ్రాన్నీ, కోలనీ ఎలా కాదన్నాడో, ఫోన్లో మాట్లాడే చేతిని ఎలా గుర్తు తెచ్చుకున్నాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. చేతి వంక చూడలేదని ఇంకెప్పుడూ అనకూడదని చిన్నగా దెప్పాడు కూడా.

ఆవిడ వింటూనే ఉంగరం తొడుక్కోబోయింది. అది కణుపు దగ్గరే ఆగిపోయింది.

ఇంటి చాకిరీకి వేళ్లు లావెక్కి ఉంటాయనీ, రేపే వెళ్లి సాగదీయిస్తాననీ ఉదారంగా అన్నాడు.

"గీరుకున్నది ఏ కణతకి?" అని అడిగింది ఆవిడ. వారం తర్వాత అదే మొదటి మాట.

ఆయన సంబరపడిపోతూ తల వంచి కుడి కణత చూపించాడు. ఆవిడ అక్కడ వేలితో ఒకసారి నిమిరింది. తర్వాత ఉంగరాన్ని డబ్బాలో పెట్టి, మూత వేసి, ఆయన చేతికి తిరిగిచ్చింది.

"నా ఉంగరానికి అసలు రాయే లేదండీ."