కోటేష్ కారు స్పీకర్లు

దర్శిలో కార్లకు స్పీకర్లు బిగించే వాసిం, కోటేష్ మారుతి తలుపులకు తాను పోతపోసిన ఫైబర్ ప్యానెళ్లు బిగిస్తున్నాడు. వాటికి కొట్లోనే కూర్చుని నల్ల రెగ్జిన్ కుట్టింది అతని చెల్లెలు. పని చూస్తానంటూ కోటేష్ రోజూ వచ్చి కూర్చునేవాడు. ఇవాళ మాత్రం రాలేదు.

కోటేష్ నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మావాడు పురుగుమందు డబ్బా పట్టుకుని పత్తిచేలో దూరాడయ్యా! ఎక్కడున్నాడో కనపడట్లేదు. పిలిచి పిలిచి నా గొంతు పోయింది. ఆ స్పీకర్లు బయటికి తిప్పు!"

వాసిం బిగించిన ప్యానెళ్లను స్పీకర్లతో సహా ఊడబెరికి కారు పైన కట్టాడు. కొట్లో ఉన్న మైకు తగిలించాడు.

చేను గట్టున కారు ఆగగానే పెద్దాయన మైకు లాక్కున్నాడు.

"ఒరేయ్, బయటికి రారా! వాసిం చెల్లెల్నే చేసుకో, నేను కాదనను!"

పక్క చేలల్లో కూలీలు తలలెత్తి చూశారు. వాసిం కొయ్యబారిపోయాడు. చేలో అలికిడి లేదు.

పెద్దాయన గట్టు మీద కూలబడి, తల బాదుకుంటూ ఏడ్చాడు.

వాసిం మైకు తీసుకున్నాడు. చేను వైపు తిరిగాడు. చివరికి పిలిచాడు.

"బావా! ఆ డబ్బా అవతల పారెయ్ బావా. మనింటికి పోదాం, రా."

పత్తిమొక్కల మధ్య కోటేష్ లేచాడు. మూత తియ్యని డబ్బాను దూరంగా విసిరేశాడు.