తోకతో సహా

“ఇది పొట్టేలు కాదు మేడమ్, మేక. బోర్డు మీద పొట్టేలు పలావని రాసి జనానికి మేకని పెడుతున్నాడు,” అన్నాడు తిరుపతిరావు, అలీ హోటల్లో ప్లేటు చూపిస్తూ.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆయనదీ పొట్టేలు పలావు హోటలే. అలీ ఎదురుగా తెరిచినప్పటి నుంచీ ఆయన బల్లలు సగం ఖాళీ. ఫిర్యాదు మీద వచ్చిన ఫుడ్ ఇన్‌స్పెక్టర్ జీవరత్నం పలావులోకి తొంగి చూసింది. మసాలాలో ఉడికిన ముక్క ఏ జీవిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

“హైదరాబాద్ పంపిస్తే డీఎన్ఏ పరీక్ష చేస్తారు. రిపోర్టు వచ్చేదాకా హోటల్ మూసెయ్యండి.”

అలీ మొహం పాలిపోయింది. “రంజాన్ నెలండీ. బేరమంతా ఇప్పుడే. మూస్తే మళ్లీ తెరవలేను. నేను దగ్గరుండి కోయించిన పొట్టేలే మేడమ్.”

“తోక చూశావా?” అడిగాడు తిరుపతిరావు.

“మంద దగ్గరికెళ్లి బతికున్నదాన్నే కొంటానండీ. ఇంక తోకెందుకు?”

తిరుపతిరావు నవ్వాడు. “విన్నారుగా మేడమ్. మాంసం కొట్లో తోక ఉంచి వేలాడదీసేదే, అది మేక కాదని మనకి తెలియడానికి. రోజూ పొద్దున్నే తోక పట్టుకుని చూడందే నేను ముక్క కొట్టనివ్వను.”

“పోల్చుకోవడానికి మీ దగ్గరి మాంసం కూడా కొంచెం ఇస్తారా?” అని ఆయన్ని అడిగింది జీవరత్నం.

కొంచెంతో ఊరుకునే మనిషా ఆయన? ఆ పూట వచ్చిన తొడని తోకతో సహా ఐసు పెట్టెలో పెట్టించాడు. “అసలు సరుకెలా ఉంటుందో వాళ్లూ చూస్తారు.”

అలీ హోటల్‌కి తాళం పడింది. తిరుపతిరావు బల్లలు నిండాయి. తిన్నవాళ్లందరికీ, అడక్కపోయినా, ఆయన తోక సంగతి చెప్పాడు. అలీ రోజూ వచ్చి మూసిన షట్టర్ ముందు కూర్చునేవాడు. చూస్తే జాలేసేది.

రిపోర్టు వచ్చాక జీవరత్నం ఇద్దర్నీ తిరుపతిరావు హోటల్లోనే కూర్చోబెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళ.

“అలీగారిది పొట్టేలేనండీ. షట్టర్ తీసుకోండి.”

అలీ కళ్లు తుడుచుకున్నాడు.

తిరుపతిరావు కాసేపు మీసం సవరించుకున్నాడు. పరువైనా దక్కించుకోవాలిగా. “సరే, మాది కూడా చదవండి మేడమ్,” అన్నాడు, పక్క బల్లలకి వినబడేలా. “గట్టిగా చదవండి.”

ఆమె కాగితం తిప్పింది.

“తొడ మేకదండీ. తోక ఒక్కటే పొట్టేలుది.”