బొమ్మ ఆగద్దు

“మాట వస్తె ఏం ఫాయిదా? బొమ్మ ఆగద్దు, గంతే!”

అంబదాస్ అరుపుకు కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరి ఆ చిన్న దుకాణంలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. బల్ల వెనక నిలబడిన దుకాణదారు సాగర్ నుదురు చిట్లించాడు.

“జర మెల్లగ కాక! నేనేమన్న చెవిటోన్నా?”

అంబదాస్ తగ్గాడు. చొప్పదండి మరమగ్గాల షెడ్డులో, అక్కడివాళ్లు సాంచలనే వాటి మధ్య, ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. చొక్కా మీదే కాదు, కనుబొమల మీద కూడా నూలు పీచు. బల్ల మీద మూడు మోడెంలు ఉన్నాయి. సాగర్ వాటిలో నాలుగు యాంటెన్నాలదానిని పక్కకు నెట్టాడు.

“గిది నీకద్దు. కొమ్ములు పెద్దగున్నయని బర్రె ఎక్కువ పాలియ్యది.” అంటూ వెనక్కి తిరిగి అలమరలో వెతకసాగాడు. “నీ లైను ఎన్ని ఎంబీలది కాక?”

జవాబు రాలేదు. మళ్లీ అడిగాడు. అప్పుడూ రాలేదు. ఇటు తిరిగి మూడోసారి అడిగితే, “నలబై,” అన్నాడు అంబదాస్ వెంటనే.

పెద్దమనిషికి పొగరు కాస్త ఎక్కువేననుకున్నాడు సాగర్.

“సుట్టుపక్కల వైఫైలు మస్తున్నయా?”

“గల్లీ అంత ఉన్నయి.”

“గట్లయితె రెండు బ్యాండ్లది తీస్కో. పదహారు నూర్లు. దాని పక్కనే కూసోని మాట్లాడు. ఎప్పుడన్న బొమ్మ ఆగినా మాట ఆగది, ఫికర్ చెయ్యకు.”

“ఆదివారం గదే అయింది,” అన్నాడు అంబదాస్. భీవండిలో కాపురముంటున్న కూతురు నవీన ఆ రోజు వీడియో కాల్ చేసింది. “బొమ్మ నవ్వు మొఖం మీదనే ఆగింది. గప్పుడే చెప్పిందట, ఐదో నెల కడుపు పోయిందని. ఏడ్సుకుంట చెప్పిందట. నేను నవ్వుకుంట, మామిడికాయ తొక్కు పంపాల్నా బిడ్డా అని అడిగిన.”

పక్కన బేరమాడుతున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు.

“ఫోను పెట్టేసింది. నాలుగు దినాలాయె, ఎత్తుతలేదు. అల్లుడు మెసేజి పెడితె గని నాకు ఎరుక కాలే. ఇయ్యాల నాలుగింటికి ఒక్కసారి మాట్లాడుతనని రాసింది. మల్ల గట్లనే చేస్తె ఇగ జన్మల మాట్లాడదట.”

“మాటైతె వచ్చింది గద!” సాగర్ గొంతులో జాలి కన్నా కోపమే ఎక్కువ వినిపించింది. “కన్నబిడ్డ ఏడుస్తుంటె ఎవరన్న తొక్కు ముచ్చట తీస్తరా కాక?”

అంబదాస్ గోడ గడియారం వైపు చూశాడు. నాలుగింటికి ఐదు నిమిషాలే ఉన్నాయి.

“బస్సెక్కి ఊరికి పోయెటాళ్లకు ఐదు దాటుతది. గీ డబ్బను ఈడనే పెట్టి సూపియ్యి కొడుకా.”

సాగర్ కొత్త మోడెంకు దుకాణం తీగ కలిపి, అతని ఫోనును దానికి జతచేశాడు. నాలుగింటికి తెర మీద నవీన కనిపించింది. పీక్కుపోయిన ముఖం, వాచిన కళ్లు. బొమ్మ అద్దంలో చూసినంత స్పష్టంగా ఉంది. పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం లేదు.

“ఆగు కాక, సౌండు వస్తలేదు!” అన్నాడు వెనక నిలబడ్డ సాగర్.

అంబదాస్ కదలలేదు. సాగర్ వంగి ఫోను అడుగు భాగం పరిశీలించాడు. స్పీకరు రంధ్రాలను నూలు పీచు గట్టిగా పూడ్చేసింది. దాని మీద పేరుకున్న మురికిని బట్టి అది ఈనాటిది కాదు, నెలల నాటిది. అన్ని నెలలుగా ఆ ఫోను మూగదైనా దాని యజమాని గమనించనే లేదు.

అంబదాస్ మాత్రం కూతురు చెప్పే ఒక్కో మాటకూ తల ఊపుతున్నాడు. కళ్లలో నీరు నిండి చూపు మసకబారినప్పుడల్లా, ఏదో జారిపోతుందన్నట్టు గబగబా తుడుచుకుంటున్నాడు. ఆమె పెదవులు ఆగాక అతడు నోరు విప్పాడు.

“నిన్ను జూసి నవ్వలే బిడ్డా. నీకెన్నడు చెప్పలే గని, సాంచల మోత నా చెవులు తిని పదేండ్లాయె. గా దినం నీ పెదవులు ఆగిపోయినయి.”