తడి మీసం

పొద్దు నడినెత్తికి రాకముందే పీరా నాలుక పిడచగట్టింది.

దూది ఏకే విల్లు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు. ఆ పని చేసేవాడి గొంతులో నూగు చేరడం కొత్తేమీ కాదు. ఇదివరకైతే కుండ దగ్గరికి పోయి, గటగటా తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చి మళ్లీ విల్లు పట్టేవాడు. ఇప్పుడు కుండ వైపు చూడాలన్నా బెదురే. ఎదురుగా గోడకానుకొని పెళ్లాం సైదమ్మ కూర్చుని ఉంది. కర్నూలు నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ అదే చోటు, అదే చూపు.

ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక జనంతో కిటకిటలాడుతున్న కర్నూలులో, పెద్దాసుపత్రి డాక్టరు మొగుడూ పెళ్లాలిద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. మూత్రపిండాలు చెడిపోయాయి. తాగిన నీళ్లు బయటికి పోవడం లేదు, ఒంట్లోనే నిలిచిపోతున్నాయి. దినమంతటికీ చెంబెడు నీళ్లు, అంతే. ఉప్పు ముట్టరాదు. మాట మీరితే నీరు ఊపిరితిత్తులకెక్కుతుంది. అటుపైన తను చేయగలిగేదేమీ లేదన్నాడు.

పత్తికొండ బస్సులో పీరా పెళ్లాం చేయి పట్టుకొని, "చెంబు దాటి చుక్క తాగితే దస్తగిరి సామి మీదొట్టు" అన్నాడు. సైదమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ దినమే ఇంట్లో ఉప్పు కుండ బోర్లించారు. చప్పిడి సంగటి ఇద్దరూ తింటున్నారు.

ఒట్టు పెట్టుకున్నంత సులువా, ఈ సీమలో ఎండాకాలం?

దేవేంద్రప్ప ఇంటి పరుపుల దూది కుప్పగా పడి ఉంది. నారి మోగిన కొద్దీ నూగు లేచి ముక్కులో, నోట్లో దూరుతోంది. పీరా నాలుగు దెబ్బలు కొట్టి ఆగాడు. లేచాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"యాడికి?" అంది సైదమ్మ.

"బయటికి పోయొస్తా."

"తాగేది చెంబెడు. ఇన్నిసార్లు పోయేదేందయ్యా?"

"వయసైపోతాంది గదా" అంటూ జారుకున్నాడు.

గోడ చాటున పక్కిల్లు సోమక్కది. వీళ్లింటికి బావి నీళ్లు తెచ్చిపెడుతున్నదీ ఆమే. పీరాను చూడగానే, అడక్కుండానే ముంత ముంచి ఇచ్చింది. పీరా గుక్క తిప్పుకోకుండా తాగాడు.

"మెల్లిగ తాగప్పా, నీళ్లు యాడికీ పారిపోవు. సైదమ్మ నీ ఒట్టు నమ్ముకోనుండాది. తెలిసిందంటే కొంప మునుగుతాది."

"నువ్వు చెప్పకుంటే చాలక్కా. ఇదే ఆఖరు."

"నిన్నా ఇదే ఆఖరంటివే!"

కడుపులో నీళ్లు పడ్డాయి గానీ ప్రాణం కుదుటపడలేదు. డాక్టరు మాటలు చెవుల్లో గింగురుమంటున్నాయి. పెదాలు తుడుచుకొని, పరుగున వచ్చి విల్లందుకున్నాడు. మనసులోని గుబులంతా దాని మీదే తీర్చుకున్నట్టు దడదడా బాదాడు. నూగు గుప్పున లేచింది.

సైదమ్మ చాలాసేపు చూసి, "ఏమయ్యా, ఉన్నట్టుండి మీసం నెరిసిందే?" అంది.

పీరా తడుముకున్నాడు. తడి మీసానికి దూది తెల్లగా అంటుకుపోయింది.

"చెమట" అన్నాడు.

"చెమటైతే నుదురు గూడా నెరవాల గదా."

పీరా తల వంచుకున్నాడు. "తట్టుకోలేకపోతి సైదా. ఒట్టు పెట్టిన మర్నాటి నుంచీ దొంగతనంగా తాగుతానే ఉండా."

 సైదమ్మ గోడ పట్టుకొని లేచి లోపలికి పోయింది. కుండ మీద మూత తీసిన చప్పుడు. పీరా విల్లు వదిలి సగం లేచాడు. ఆమె ముంత నిండా నీళ్లు తెచ్చి అతని ముందు నిలబడింది. 

"ఆ ముంత కింద పెట్టు. డాక్టరు చెప్పింది మర్చిపోయినావా?" పీరా దాదాపు అరిచాడు.

"మర్చిపోలేదు. తాగు."

"వద్దు సైదా."

"దొంగమాదిరి యాల తాగేది? నా కండ్ల ముందరే తాగు." ముంతను బలవంతంగా అతని పెదాలకు ఆనించి అంది:

"జబ్బొచ్చింది నాకు గదయ్యా, నాకు తోడని నువ్వు గొంతెండబెట్టుకుంటే నా కాళ్ల వాపు దిగుతాదా?"