చిలకముక్కు రాయి

సమాధుల పండుగకి రెండు రోజుల ముందు, బీరువా మీది రాయి కనపడకుండా పోయింది.

రోజారమణి టీచరు ఇల్లంతా వెతికింది. వెతికినచోటే మళ్లీ వెతికింది.

అరచేతిలో ఇమిడే రాయి. అందులో కొక్కెంలా వంగిన చిన్న ఎముక. కొడుకు బెన్ని పెనుగంచిప్రోలు దగ్గర మున్నేట్లో ఏరి తెచ్చాడు.

"చిలకముక్కే అమ్మా! మనుషులు పుట్టకముందుది," అనేవాడు.

పోయినేడు వరదలో అదే మున్నేరు బెన్నిని తీసుకుపోయింది. రాయి మిగిలింది.

"అత్తయ్యా, ఇంటికెవరన్నా వచ్చారా?"

ఆరోగ్యమ్మ జపమాల మీంచి కళ్లెత్తలేదు. "నిన్న నువ్వు బళ్లో ఉండగా ఎవరో ముసలాయన వచ్చాడు. రాయి చూపించమన్నాడు. పంపించేసా."

టీచరు చెప్పులేసుకుంది.

"భుజాన సంచీ ఉన్నాయనేనా?" అన్నాడు వీధి మొగలో ఆటో రత్నబాబు. "పొద్దున మున్నేటికి తీసుకెళ్లి, ఇప్పుడే బస్టాండులో దింపానండి. ఎక్కండెక్కండి."

జగ్గయ్యపేట బస్టాండులో విజయవాడ బస్సు కదలబోతోంది. మెట్టు మీద కాలు పెట్టిన ముసలాయన సంచీ పట్టుకుని ఆపింది టీచరు.

"రాయి ఇచ్చెయ్యండి."

"ఏ రాయమ్మా?"

"ఏమీ ఎరగనట్టు అడుగుతున్నారే! మా బెన్ని రాయి."

ఆయన మొహం పాలిపోయింది. "అది పోయిందా?"

"బాగా యాక్టింగ్ చేస్తున్నావు పెద్దాయనా," అంటూ రత్నబాబు సంచీ లాక్కుని బోర్లించాడు.

భూతద్దం, బ్రష్షు, తువ్వాలు, ఇంత దూది. రాయి లేదు.

"జేబులు చూడండి టీచర్ గారూ!" ఎవరో అరిచారు.

ఆయనే జేబులు తిప్పి చూపించాడు.

"అమ్మా, ఒక్క మాట..."

"ఇంకోసారి మా గుమ్మం తొక్కొద్దు."

కండక్టరు రైట్ అన్నాడు. పగిలిన భూతద్దం ఏరుకుని ఆయన బస్సెక్కాడు.

పండుగనాటి సాయంత్రం సమాధుల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. బెన్ని సమాధికి కొత్తగా చేయించిన సిమెంటుని ఆరోగ్యమ్మ అరచేత్తో తడిమింది.

"రాయి ఇందులో ఉందే రమణీ. శిలువ కింద. మేస్త్రీ చేత నేనే పెట్టించా."

"ఎందుకత్తయ్యా?"

"ఆయన పట్టుకుపోతాడేమోనని. వాడు ఏరుకున్నది వాడి దగ్గరే ఉండాలనుకున్నా."

"ఇంకేమన్నాడు?"

"పాతకాలం ఎముకల మీద పరిశోధన చేస్తాడంట. బెన్ని ఆయనకి ఫోన్లో ఫొటో పంపాడంట. అట్టాంటి చిలక ఇంకెక్కడా దొరకలేదంట. దానికి మనవాడి పేరు పెడతానన్నాడు. రాయి కళ్లారా చూస్తేగానీ పెట్టకూడదంట."

బెన్ని ఫోను వరదలోనే పోయింది. ఆయన పేరు గానీ ఊరు గానీ ఎవరూ అడగలేదు.

ఆ చిలకకి ఇంకా పేరు పెట్టలేదు.